ప్లేటులో ఆగిన వైరస్ ఒంట్లో ఎందుకు ఆగలేదు?

2020 ఫిబ్రవరి 5, బుధవారం. కన్నెపల్లి నుంచి సారలమ్మ మేడారం గద్దె మీదికి చేరిన రోజు. జంపన్నవాగు పొడుగునా జనం, తలల మీద బెల్లం ముద్దలు, శివసత్తుల పూనకాలు. అప్పటికి తెలంగాణలో ఒక్క కరోనా కేసు కూడా బయటపడలేదు. మొదటిది మార్చి 2న గానీ తేలలేదు. సరిగ్గా ఆ జాతరకు ఒక్కరోజు ముందు, ఫిబ్రవరి 4న, వుహాన్ వైరాలజీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ‘సెల్ రీసెర్చ్’ పత్రికలో మూడు పేజీల లేఖ ఒకటి ప్రచురించారు. కొత్త వైరస్ మీద ఏడు మందులను కణాల్లో పరీక్షించామని, రెమ్డెసివిర్, క్లోరోక్విన్ అనే రెండు చాలా తక్కువ మోతాదుకే వైరస్‌ను అడ్డుకున్నాయని అందులో ఉంది.

ఆ రెండు పేర్లు కొన్ని నెలల్లోనే వరంగల్ నుంచి భూపాలపల్లి దాకా అందరి నోళ్లలో నానాయి. క్లోరోక్విన్ తమ్ముడి లాంటి హైడ్రాక్సీక్లోరోక్విన్ గోలీల కోసం మెడికల్ షాపుల ముందు నిలబడ్డవాళ్లున్నారు. రెమ్డెసివిర్ సూది కోసం 2021 ఏప్రిల్, మే నెలల్లో బంగారం తాకట్టు పెట్టిన ఇండ్లున్నాయి. ఒకే ప్లేటులో పక్కపక్కనే గెలిచిన ఈ రెండు మందుల్లో క్లోరోక్విన్ మనుషుల్లో పూర్తిగా ఓడిపోయింది, రెమ్డెసివిర్ సగమే గెలిచింది. ప్రయోగం తప్పుగా చేశారా అంటే, లేదు, చక్కగానే చేశారు. ఆ ప్రయోగం అడిగిన ప్రశ్న ఒకటి, జనం విన్న జవాబు ఇంకొకటి.

కొత్త పురుగు, పాత మందులు

కొత్త రోగానికి పాత మందు వెతకడం అత్యాశేమీ కాదు. 2021-22 సీజన్‌లో మిర్చి చేల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడ్డప్పుడు ఉమ్మడి వరంగల్ రైతులు చేసిందీ అదే. అంతకుముందు చూడని పురుగు, దానికంటూ తయారైన మందు లేదు. దుకాణంలో ఉన్న ప్రతి డబ్బా తెచ్చి కొట్టి చూశారు. పూత రాలిపోతుంటే ఇంకో పదేళ్లకు వచ్చే మందు కోసం ఎవరు ఆగుతారు?

మనుషుల మందుల లెక్క కూడా ఇంతే. ఒక కొత్త అణువును కనిపెట్టి, జంతువుల్లో, తర్వాత మూడు దశల్లో మనుషుల్లో పరీక్షించి, షాపుకు తేవడానికి పదేళ్లు దాటడం మామూలు. పాత మందుకు ఆ దారిలో సగం నడిచినట్టే. ఎంత మోతాదు మనిషి తట్టుకుంటాడో తెలుసు, కడుపులో తిప్పుతుందా, గుండె లయ తప్పిస్తుందా అన్నదీ తెలుసు. తయారుచేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి, అవీ హైదరాబాద్ చుట్టుపక్కలే చాలా ఉన్నాయి. ఎయిడ్స్‌కు వచ్చిన మొదటి మందు జిడోవుడిన్ కథ కూడా ఇదే. 1964లో క్యాన్సర్ కోసం తయారై, పనికిరాదని మూలన పడ్డది. 1987లో హెచ్‌ఐవీకి ఆమోదం పొందింది. దాన్ని దుమ్ము దులిపి బయటికి తీసింది కూడా ల్యాబ్‌లో కణాల మీద చేసిన పరీక్షలే. కణాల్లో చేసే పరీక్షను తేలిగ్గా కొట్టిపారేయడం ఎంత తప్పో, దాన్నే చికిత్స అనుకోవడం అంత తప్పు.

గుంతలో ఏం జరుగుతుంది

ఆ పరీక్షను దగ్గరగా చూస్తే తప్ప దాని బలం, బలహీనత తెలియవు. అరచేతిలో పట్టే పారదర్శక ప్లాస్టిక్ ప్లేటు. ఎనిమిది వరసలు, వరసకు పన్నెండు చొప్పున 96 చిన్న గుంతలు, ల్యాబ్ భాషలో ‘వెల్స్’. ఒక్కో గుంతలో పోసే ద్రవం చిన్న చెంచాలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అడుగున కణాలు ఒక్క పొరగా, నారుమడిలో నారు మాదిరి ఒత్తుగా పరుచుకుని ఉంటాయి. ముందురోజు సాయంత్రం వీటిని పోసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడితే తెల్లారేసరికి అడుగుకు అంటుకుంటాయి.

తెల్లారి మందు. మొదటి గుంతల్లో చిక్కగా, పక్కవాటిలో అంతకన్నా పలచగా, ఆ పక్కన ఇంకా పలచగా, మజ్జిగలో నీళ్లు పోసుకుంటూ పోయినట్టు. తర్వాత వైరస్. వుహాన్ బృందం ఇరవై కణాలకు ఒక వైరస్ లెక్కన వదిలింది. కొన్ని గుంతల్లో వైరస్ ఉంటుంది, మందు ఉండదు. కొన్నింటిలో రెండూ ఉండవు. ఇంకొన్నింటిలో మందు ఉంటుంది, వైరస్ ఉండదు. ఈ మూడు రకాల పోలిక గుంతలు లేకపోతే మిగతా వాటిలో కనిపించేదానికి అర్థమే లేదు. వుహాన్‌లో 48 గంటల తర్వాత గుంతల్లోని ద్రవం తీసి అందులో వైరస్ ఎంత పెరిగిందో కొలిచారు. కొలిచిన పద్ధతి, ఆ తర్వాతి నెలల్లో మన ముక్కుల్లో పుల్ల పెట్టి చేసిన ఆర్‌టీ-పీసీఆర్ లాంటిదే.

ఇందులోంచి రెండు అంకెలు పుడతాయి. వైరస్ పెరుగుదలను సగానికి తగ్గించే మందు మోతాదు ఒకటి, దాన్ని ఈసీ50 అంటారు. కణాల్లో సగం చచ్చిపోయే మోతాదు రెండోది, సీసీ50. మొదటిది ఎంత చిన్నదైతే అంత మంచిది, రెండోది ఎంత పెద్దదైతే అంత మంచిది. పత్తి రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. పురుగును చంపే మోతాదుకూ ఆకును మాడ్చే మోతాదుకూ మధ్య ఎంత ఎడం ఉందో చూసుకునే ట్యాంకులో మందు కలుపుతాడు.

వుహాన్ లేఖలో రెమ్డెసివిర్ ఈసీ50 0.77 మైక్రోమోలార్ (ద్రవంలో మందు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత). క్లోరోక్విన్‌ది 1.13. రెండింటికీ సీసీ50 వంద దాటింది, అంటే ఎడం చాలా ఉంది. ఫావిపిరావిర్‌కు 61.88, రిబావిరిన్‌కు 109.5. చూడగానే ఎవరికైనా మొదటి రెండింటి మీదే కన్ను పడుతుంది. ప్రపంచం కన్నూ వాటి మీదే పడ్డది.

పెరటి దర్వాజ

ఆ గుంతల్లో ఉన్న కణాలు ఎవరివి? మనిషివి కావు, ఊపిరితిత్తులవీ కావు. ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండం నుంచి 1962లో జపాన్‌లోని చిబా యూనివర్సిటీలో తీసి పెంచిన కణాలు. వాటి పేరు వెరో. ఎస్పెరాంతో భాషలో ‘పచ్చ మూత్రపిండం’ అనే మాటలను కుదించి పెట్టిన పేరది. ఆ భాషలోనే ‘వెరో’ అంటే సత్యం అని కూడా అర్థం. అరవై ఏళ్లుగా ప్రపంచమంతా వైరస్‌లను, టీకాలను పెంచుతున్నది వీటిలోనే. కారణం సులభం. వైరస్ దూరగానే మామూలు కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను వదిలి చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తుంది. వెరో కణాలకు ఆ శక్తి లేదు. కావలి లేని చేను లాంటివి, అందుకే వాటిలో వైరస్ దర్జాగా పెరుగుతుంది.

హైడ్రాక్సీక్లోరోక్విన్ కథంతా ఈ కణం ఎంపికలోనే ఉంది. కరోనా వైరస్ కణంలోకి పోవడానికి రెండు దారులు. ఒకటి ముందటి దర్వాజ. కణం పైపొర మీద టీఎంపీఆర్‌ఎస్ఎస్2 అనే ఎంజైమ్ ఉంటే, అది వైరస్ ముల్లును (పైకి పొడుచుకొచ్చిన స్పైక్ ప్రొటీన్‌ను) అక్కడే కోసి నేరుగా లోపలికి దారి ఇస్తుంది. రెండోది పెరటి దర్వాజ. ఆ ఎంజైమ్ లేని కణాల్లో వైరస్ ఒక చిన్న సంచిలో చుట్టుకుని లోపలికి పోతుంది, ఆ సంచిలో పులుపు పెరిగాక ఇంకో ఎంజైమ్ ముల్లును కోస్తుంది. క్లోరోక్విన్ చేసే పని ఆ సంచిలో పులుపు పెరగకుండా ఆపడం. అంటే పెరటి దర్వాజకు గొళ్లెం పెట్టడం.

వెరో కణాల్లో టీఎంపీఆర్‌ఎస్ఎస్2 దాదాపు లేదు. వైరస్‌కు పెరటి దారే గతి. గొళ్లెం పడగానే ఆగిపోయింది, ప్లేటులో మందు గెలిచింది. మన ఊపిరితిత్తి కణాలకు ముందటి దర్వాజ బార్లా తెరిచి ఉంటుంది. జర్మనీ పరిశోధకులు ఇదే పరీక్షను కాలు-3 అనే మనిషి ఊపిరితిత్తి కణాల్లో చేసి 2020 జులైలో ‘నేచర్’లో ప్రచురించారు. క్లోరోక్విన్ వైరస్‌ను ఆపలేదు.

ఆ జులై వచ్చేలోపు చాలా జరిగిపోయింది. మార్చి నెలాఖరులోనే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆరోగ్య సిబ్బందికి, రోగుల ఇంట్లోవాళ్లకు ముందు జాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ సూచించింది. అదే వారంలో కేంద్రం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. కీళ్లవాతం, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లు నెలనెలా మింగే గోలీ అది, వాళ్లకు అది లేకపోతే చేతివేళ్లు ముడవలేని పరిస్థితి. కరోనా రాకుండా జనం దాచుకున్న గోలీల వల్ల నష్టపోయిన ఈ రోగుల గురించి ఎక్కడా పెద్దగా చెప్పుకోలేదు. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ నడిపిన ‘రికవరీ’ ట్రయల్‌లో ఈ మందు తీసుకున్న 1,561 మందిలో 27 శాతం, తీసుకోని 3,155 మందిలో 25 శాతం 28 రోజుల్లో చనిపోయారు. మేలు ఏమీ లేదని తేలింది.

అదే వెరో కణం రెమ్డెసివిర్ విషయంలో ఉల్టా తప్పు చేసింది. రెమ్డెసివిర్ కణంలోకి పోయాక అక్కడి ఎంజైముల చేతిలో మారితేనే అసలు మందు అవుతుంది. కోతి మూత్రపిండ కణాల్లో ఆ మార్పు సరిగా జరగదు. 2020లోనే వచ్చిన ఇంకో పరిశోధనలో వెరో కణాల్లో ఈసీ50 1.65 ఉంటే, కాలు-3 కణాల్లో 0.28 వచ్చింది. అంటే ఒకే కణం ఒక మందును ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపింది, ఇంకోదాన్ని తక్కువ చేసి చూపింది. ప్లేటు అబద్ధం చెప్పలేదు, కోతి మూత్రపిండం గురించి నిజమే చెప్పింది.

ఐవర్‌మెక్టిన్: ఒక్క లెక్క చేసి ఉంటే

2020 ఏప్రిల్ 3న ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ నుంచి వార్త వచ్చింది. నులిపురుగులకు, గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ ఒక్క మోతాదుతో 48 గంటల్లో కణాల్లోని వైరస్‌ను 5,000 రెట్లు తగ్గించిందని. వినడానికి ఒళ్లు పులకరించే అంకె. మేకలకు, బర్లకు కూడా ఇచ్చే మందు కాబట్టి ఊళ్లలో దాని పేరు కొత్త కాదు, ధర తక్కువ. వాట్సాప్‌లో ఆ 5,000 తిరిగింది. దాని పక్కనే ఉన్న ఇంకో అంకె మాత్రం తిరగలేదు.

ఆ పరీక్షలో వాడిన మోతాదు 5 మైక్రోమోలార్. దీన్ని మనకు అర్థమయ్యే కొలతలోకి మార్చడం కష్టమేమీ కాదు. ఐవర్‌మెక్టిన్ అణుభారం సుమారు 875. ఐదు మైక్రోమోలార్ అంటే లీటరుకు దాదాపు 4.4 మిల్లీగ్రాములు. ఇప్పుడు మనిషి వైపు చూద్దాం. 12 మిల్లీగ్రాముల గోలీ మింగితే, నాలుగు గంటల తర్వాత రక్తంలో అది చేరే గరిష్ఠ స్థాయి లీటరుకు సుమారు 0.047 మిల్లీగ్రాములు. 4.4ను 0.047తో భాగిస్తే 90 దాటుతుంది. ప్లేటులోని మోతాదు రక్తంలో రావాలంటే, నేరు లెక్కన, ఒక్కసారే తొంభైకి పైగా గోలీలు మింగాలి. మనుషులు తట్టుకుంటారో లేదో చూడడానికి 120 మిల్లీగ్రాముల దాకా ఇచ్చిన పాత పరిశోధన ఒకటుంది. అందులో కూడా రక్తంలో మందు లీటరుకు పావు మిల్లీగ్రాము దగ్గరే ఆగింది.

ఇంకో కిటుకు కూడా ఉంది. రక్తంలోకి చేరిన ఐవర్‌మెక్టిన్‌లో 90 శాతం పైగా రక్తంలోని ప్రొటీన్లకు అంటుకుపోతుంది. అంటుకున్నది పని చేయదు, విడిగా తిరిగేదే పని చేస్తుంది. ప్లేటులోని ద్రవంలో ప్రొటీన్ మన రక్తంలో ఉన్నంత ఉండదు, మందంతా వైరస్ మీద పడుతుంది. గులాబీ రంగు పురుగుతో వేగిన పత్తి రైతుకు ఇది బాగా తెలిసిన బాధ. పురుగును పట్టి గిన్నెలో వేసి మందు పోస్తే చస్తుంది. చేనులో అది కాయ లోపల కూర్చుంటుంది, మందు ఆకు మీద పడుతుంది. మందు మంచిదే, కానీ పురుగు దాకా పోదు.

ఈ లెక్కకు ల్యాబ్ అక్కర్లేదు. వార్త రాసిన చోటనే, రాసిన రోజే చేయొచ్చు. చాలామంది ఫార్మకాలజిస్టులు అదే నెలలో చేసి చూపించారు కూడా. అయినా ఐవర్‌మెక్టిన్ దేశంలోని చికిత్స మార్గదర్శకాల్లోకి వచ్చింది, ఇండ్లకు పంచిన కిట్లలోకి చేరింది. 2021 సెప్టెంబర్‌లో గానీ ఐసీఎంఆర్ దాన్ని, హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను జాబితా నుంచి తీసేయలేదు. 2022 మార్చిలో బ్రెజిల్‌లో జరిగిన పెద్ద ట్రయల్ ఫలితం వచ్చేసరికి ప్రశ్న దాదాపు ముగిసింది. ఆసుపత్రి పాలవడాన్ని అది తగ్గించలేదు.

ఫావిపిరావిర్ ఇందుకు కొంచెం భిన్నం. 61.88 అంటే బలహీనమైన అంకెలా కనిపిస్తుంది. కానీ అది చిన్న అణువు, లీటరుకు పది మిల్లీగ్రాముల కన్నా కాస్త తక్కువే అవుతుంది, పెద్ద మోతాదులో ఇస్తే రక్తంలో ఆ స్థాయి దాటించవచ్చు. అందుకే 2020 జూన్‌లో మన దేశంలో అనుమతి పొందిన కోర్సులో మొదటి రోజే 200 మిల్లీగ్రాముల గోలీలు పద్దెనిమిది, తర్వాత రోజుకు ఎనిమిది మింగాల్సి వచ్చింది. కాబట్టి ఈసీ50 ఒక్కటే చూసి మందును మెచ్చినా తప్పే, తీసిపారేసినా తప్పే. రక్తంలో చేరే స్థాయితో కలిపి చూస్తేనే ఆ అంకెకు ప్రాణం వస్తుంది. చివరికి ఫావిపిరావిర్‌కు కూడా పెద్ద ట్రయల్స్‌లో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఇక్కడ లోపం ఇంకోచోట ఉంది.

ముందొచ్చిన మందు, వెనకొచ్చిన రోగి

వుహాన్ పరీక్షలో మందును వైరస్ కంటే ముందే కణాలకు అందించారు. చాలా ప్లేటు పరీక్షల పద్ధతి ఇదే. దొంగ రాకముందే ఇంట్లో పోలీసు కూర్చున్నట్టు.

మనిషి దగ్గర వరస తిరగబడుతుంది. 2021 మేలో మహబూబాబాద్ పక్క ఊళ్లో ఒక మనిషికి జ్వరం వచ్చిందనుకుందాం. మొదటి రెండు రోజులు డోలో గోలీ. మూడో రోజు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది, గ్లూకోజ్. అయిదో రోజు టెస్టు, లేదా భయంతో నేరుగా హనుమకొండకు పోయి సిటీ స్కాన్. ఆయాసం మొదలయ్యాక ఆక్సిజన్ బెడ్ కోసం వెతుకులాట. రెమ్డెసివిర్ సూది చేతికి వచ్చేసరికి ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో. అప్పటికి వైరస్ తన పని చాలావరకు చేసేసింది. ఊపిరితిత్తులను ఇంకా దెబ్బతీస్తున్నది ఒంటి సొంత రక్షణ వ్యవస్థ రేపిన మంట.

రెమ్డెసివిర్ ఫలితాలన్నీ ఈ తేదీల లెక్కకే సరిపోతాయి. ఆసుపత్రిలో చేరినవాళ్ల మీద అమెరికా ఆధ్వర్యంలో జరిగిన ట్రయల్‌లో కోలుకునే కాలం 15 రోజుల నుంచి 10కి తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘సాలిడారిటీ’ ట్రయల్ 2020 అక్టోబర్‌లో ఇచ్చిన మొదటి ఫలితంలో మరణాల మీద ప్రభావం కనిపించలేదు. జబ్బు ముదరకముందే, ఆసుపత్రిలో చేరకముందే, వరసగా మూడు రోజులు ఇచ్చిన ఇంకో ట్రయల్‌లో మాత్రం ఆసుపత్రి పాలయ్యే ముప్పు 87 శాతం తగ్గింది. మందు ఒకటే, మారింది రోజు. నరానికే ఎక్కించాల్సిన సూది కాబట్టి జ్వరం వచ్చిన మూడో రోజే ఇంటింటికీ ఇవ్వడం సాధ్యం కాలేదు. గోలీగా మింగితే కాలేయమే దాన్ని విరగ్గొట్టేస్తుంది. ఇది కూడా ప్లేటుకు తెలియని సంగతే, ప్లేటులో కాలేయం ఉండదు.

2020 జూన్‌లో హైదరాబాద్ కంపెనీ హెటిరో దీన్ని కోవిఫర్ పేరుతో తెచ్చినప్పుడు ఒక వయల్ ధర 5,400 రూపాయలు. ఏడాది తిరిగేసరికి నల్లబజారులో దాని ధరకు హద్దు లేకుండా పోయింది. ఎనిమిదో రోజున, వెంటిలేటర్ మీద ఉన్న మనిషి కోసం, పొలం పత్రాలు తాకట్టు పెట్టి తెచ్చిన ఆ సూది చేయగలిగింది బహు తక్కువ. ఆ కుటుంబాలకు ఆ మాట ఎవరో ఒకరు ముందే, మెత్తగానైనా, చెప్పి ఉండాల్సింది.

ప్లేటు ఎప్పటికీ కనిపెట్టలేని మందు

ఆ రెండేళ్లలో ఆసుపత్రుల్లో అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు నిలబెట్టిన పాత మందు ఏదంటే డెక్సామెథాసోన్. కొన్ని రూపాయల స్టెరాయిడ్, ఏ చిన్న పట్నంలోనైనా దొరుకుతుంది. 2020 జూన్ 16న ‘రికవరీ’ ట్రయల్ దాని ఫలితం ప్రకటించింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో 26.2 నుంచి 23.3కు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు లేకపోగా కీడు చేసే సూచన కూడా కనబడింది.

దీన్ని 96 గుంతల ప్లేటులో వేసి ఉంటే చివరి వరసలో పడేది. అది వైరస్‌ను చంపే మందు కాదు, ఒళ్లు రేపిన మంటను చల్లార్చే మందు. ప్లేటులో ఆ మంటే లేదు, రేపడానికి అక్కడ రక్షణ కణాలు లేవు. కోతి మూత్రపిండ కణాల పొర ఒక్కటే ఉంది. వేల మందులను జల్లెడ పట్టిన ఎన్నో పరీక్షల్లో డెక్సామెథాసోన్ జారిపోయింది అందుకే.

దీనికి ఉల్టా, పనికిరాని మందులు జల్లెడలో నిలిచిపోవడం కూడా జరిగింది. 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటి దాని గుట్టు విప్పింది. కొన్ని మందుల అణువులకు ఒక కొస కొవ్వును ఇష్టపడేది, ఇంకో కొస ధన విద్యుదావేశం ఉన్నది. ఇవి కణంలోని చెత్త సంచుల్లోకి పోయి అక్కడే పేరుకుపోతాయి. కణం కొవ్వుతో ఉబ్బిపోతుంది, లోపలి రవాణా గందరగోళమవుతుంది. అలాంటి కణంలో వైరస్ సరిగా పెరగలేదు. చూసేవాళ్లకు మందు వైరస్‌ను కొట్టినట్టే ఉంటుంది, నిజానికి అది ఇంటిని కూల్చి దొంగను ఆపడం. గుండె లయకు వాడే అమియోడారోన్ ఇలాంటిదే, హైడ్రాక్సీక్లోరోక్విన్‌కూ ఈ గుణం ఉంది. ఇలాంటి కొన్ని మందులను ఎలుకల్లో పరీక్షిస్తే వైరస్ తగ్గలేదు. కణాల్లో గెలిచాయని అప్పటిదాకా ప్రకటించిన పాత మందుల్లో పెద్ద వాటా ఈ కోవలోదే.

లాక్‌డౌన్‌లో ల్యాబులు మూతపడ్డప్పుడు ఫార్మసీ విద్యార్థులు, పరిశోధకులు లాప్‌టాప్‌లలో ‘డాకింగ్’ చేసి మందుల జాబితాలు తయారు చేశారు. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీలు ఎన్ని ఉన్నాయో తెలిసినవాళ్లకు ఆ ఉత్సాహం ఊహించడం కష్టం కాదు. అది ప్లేటు కన్నా ఒక మెట్టు వెనక, కంప్యూటర్ బొమ్మలో అణువు ప్రొటీన్‌కు అతుకుతుందో లేదో చూడడం. నేర్చుకోవడానికి మంచి పని. బతికున్న కరోనా వైరస్‌తో ప్రయోగం చేయాలంటే బీఎస్‌ఎల్-3 స్థాయి భద్రత ఉన్న ల్యాబ్ కావాలి. మనకు దగ్గర్లో ఆ పని చేసింది హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్ల 2-డీజీ అనే మందు పొడిని 2020 ఏప్రిల్‌లో కణాల్లో పరీక్షించింది అక్కడే. చక్కెర రూపంలో ఉండి చక్కెర పని చేయని అణువు అది, వైరస్ సోకిన కణం ఆకలిని అడ్డం పెట్టుకుంటుంది. 2021 మే 1న అత్యవసర అనుమతి వచ్చింది, డాక్టర్ రెడ్డీస్ ప్యాకెట్ 990 రూపాయలకు అమ్మింది. అనుమతి నాటికి మనుషుల్లో చేసిన ట్రయల్స్ వివరాలు శాస్త్ర పత్రికల్లో పూర్తిగా రాలేదు. మన నేల మీద పుట్టిన మందు మీద మమకారం ఉన్నవాళ్లే ఆ వివరాలను ముందుగా అడగాల్సింది.

చివరికి నిలబడ్డవి

కరోనా వైరస్ జన్యువు దాదాపు 30 వేల అక్షరాల పొడుగు. అంత పొడుగు రాతలో తప్పులు దొర్లకుండా వైరస్ తన సొంత ‘ప్రూఫ్ రీడర్’ ఎంజైమ్‌ను వెంట తెచ్చుకుంటుంది. రిబావిరిన్ లాంటి పాత మందులు దొంగ అక్షరంగా రాతలో దూరితే ఆ ప్రూఫ్ రీడర్ పట్టుకుని కొట్టేస్తుంది. వుహాన్ ప్లేటులో రిబావిరిన్‌కు వచ్చిన 109.5 అనే అంకె వెనకున్న కారణాల్లో ఇదొకటి. రెమ్డెసివిర్ దొరకదు. అది దూరిన వెంటనే రాత ఆగదు, ఇంకో మూడు అక్షరాలు నడిచాక ఆగుతుంది, అప్పటికి దొంగ అక్షరం లోపలికి జరిగిపోయి ఉంటుంది. వైరస్ సొంత యంత్రాన్నే గురిపెట్టిన మందులు ప్లేటులో చూపిన బలాన్ని మనుషుల్లోనూ కొంత నిలబెట్టుకున్నాయి. కణం తలుపులను, సంచులను గురిపెట్టినవి చాలావరకు జారిపోయాయి.

రిటోనవిర్ కథ ఇందులో ప్రత్యేకం. 1996లో హెచ్‌ఐవీ మందుగా వచ్చింది. లోపినవిర్‌తో జోడించి కరోనా మీద ప్రయోగిస్తే 199 మంది చైనా రోగుల్లో లాభం లేదని 2020 మార్చిలోనే తేలింది. అక్కడితో దాని పని అయిపోయిందనుకున్నారు. రెండేళ్లు తిరగకముందే ఫైజర్ తయారు చేసిన పాక్స్‌లోవిడ్‌లో అది మళ్లీ కనిపించింది, ఈసారి వైరస్‌ను కొట్టడానికి కాదు. అసలు మందు నిర్మాట్రెల్విర్ 300 మిల్లీగ్రాములు, 2002-03 సార్స్ కాలంలో మొదలైన పరిశోధన నుంచి వచ్చినది. కాలేయంలోని సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ దాన్ని త్వరగా అరగదీసేస్తుంది. పక్కన వేసే 100 మిల్లీగ్రాముల రిటోనవిర్ ఆ ఎంజైమ్ చేతులు కట్టేస్తుంది, నిర్మాట్రెల్విర్ రక్తంలో కావలసినంతసేపు నిలుస్తుంది. లక్షణాలు మొదలైన తొలి రోజుల్లోనే ఇస్తే, ముప్పు ఎక్కువున్న, టీకా తీసుకోనివాళ్లలో ఆసుపత్రి పాలవడం, మరణం దాదాపు 89 శాతం తగ్గాయి. కోతి మూత్రపిండ కణాల్లో ఈ సాయాన్ని ఎవరూ చూడలేరు.

అదే ఎంజైమ్ కొలెస్టరాల్‌కు వేసుకునే కొన్ని గోలీలను, కొన్ని గుండె మందులను, రక్తం పలచబరిచే కొన్నింటిని కూడా అరగదీస్తుంది. దాని చేతులు కట్టేస్తే అవన్నీ ఒంట్లో పేరుకుంటాయి. అందుకే ఈ కోర్సు చీటీ మీద రాసే ముందు డాక్టర్ బల్లకు అవతల కూర్చున్న పెద్దాయనను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: “బీపీకి, షుగర్‌కు, గుండెకు ఇప్పటికే ఏమేం గోలీలు వేసుకుంటున్నరు తాతా? ఆ సంచి ఇటు తెరవండి, ఒక్కొక్కటి చూద్దాం.”